ఒకే తీగలో టీవీ, నెట్, ఫోను ఎలా వస్తాయి?

"పర్లాకిమిడిలో మా ఇంటికి ఫైబర్ పెట్టించాం. సన్నని తీగలో మూడూ ఎలా వస్తాయి? కరెంటు పోతే ఫోను ఎందుకు మూగబోతోంది?" అని అడిగారు.

ఆ తీగ గాజుది. అందులో ప్రయాణించేది వెలుగు. ఇళ్ళకు ఫైబర్ ఇచ్చే జీపాన్ (GPON) పద్ధతిలో కంపెనీ నుంచి మీ ఇంటికి 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతి వస్తుంది, మీ ఇంటి నుంచి 1310ది వెళ్తుంది. తరంగాలు వేరు కాబట్టి కలగాపులగం కావు. కేబుల్ టీవీ సిగ్నల్‌ను కూడా కలిపి పంపేవాళ్ళు దానికి 1550 వాడతారు. ఐపీ టీవీ అయితే నెట్‌లాగే డేటాగా వస్తుంది, ఫోను మాటలూ అంతే. గోడకున్న పెట్టె వాటిని విడదీసి ఇస్తుంది.

ఇక కరెంటు సంగతి. పాత రాగి తీగ ఫోనుకు ఎక్స్ఛేంజీ నుంచే 48 వోల్టులు అందేవి. గాజు కరెంటును మోయలేదు, పెట్టె మీ ఇంటి కరెంటుతోనే నడుస్తుంది, అందుకే అది ఆరితే ఫోనూ ఆగుతుంది. 2018లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఎంత అతలాకుతలం చేసిందో మీకు తెలుసు. అలాంటప్పుడు ఫోను అవసరం, కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళుంటే పెట్టెకు చిన్న యూపీఎస్ తప్పకుండా పెట్టించండి.

మీ ఊరు ఒడిశాలో ఉందని టీవీ కంపెనీవాళ్ళు ఒడియా ప్యాక్ మాత్రమే అంటగడితే ఒప్పుకోకండి. 2019 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాల ప్రకారం వాళ్ళ దగ్గరున్న తెలుగు చానెళ్ళను విడివిడిగా ఎంచుకోవచ్చు.