ఎమ్మెస్సేలో చేరాలా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ మెసేజ్ చూశా. ఆగస్టులో అమెరికాకి మాస్టర్స్‌కి వస్తున్నావ్, క్యాంపస్‌లో ముస్లిం స్టూడెంట్స్ అసోసియేషన్ (ఎమ్మెస్సే) ఉందంట, చేరితే చదువు పాడవుద్దా, వీసాకి ఏమన్నా ఇబ్బందా, అక్కడంతా ఉర్దూ, అరబీ వాళ్లేనా అని మూడు అడిగావ్. మొదటి రెండిటికీ ఒక్కో ముక్క. వారానికి రెండు మూడు గంటలతో చదువేం పాడవదు, యూట్యూబ్‌తో పాడయినంత కూడా పాడవదు. వీసా రూల్సు, ధర్నాలూ అవీ, ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు, నాలాంటోళ్ల మాట నమ్మకు. మూడోదే అసలు ప్రశ్న, దానికి నా కథే చెప్పాలి.

నేను 2008 ఆగస్టులో దిగా, మిడ్‌వెస్ట్‌లో చిన్న ఊరు, చుట్టూ మొక్కజొన్న చేలు. మాది పల్నాడు పల్లెటూరు, దూదేకులోళ్లం, ఇంట్లో తెలుగే, నా ఉర్దూ అంతా సినిమాల్లోంచి వచ్చిందే. దిగిన రెండు వారాలకే సెప్టెంబర్ 1న రంజాన్ మొదలైంది. రూములో ముగ్గురు తెలుగబ్బాయిలు, మంచోళ్లే. నేను సహరీకని, అదే ఒక్కపొద్దుకి ముందు తినేదానికి, తెల్లారుజామున నాలుక్కి లేచి కుక్కర్లో పప్పు పెట్టా. మూడు విజిల్స్. అలా నాలుగు రోజులు. అయిదో రోజు ఒకడు దుప్పటి కప్పుకునే వచ్చి "భాయ్, ఆ పప్పేదో రాత్రే వండుకోరాదా" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేం లేదు, కానీ ఆ రోజు నాకు ఊరు ఎంత గుర్తొచ్చిందో! మా ఊళ్లో ఆ టైముకి వీధంతా లైట్లుంటాయి, ఒక్కపొద్దు లేని ముసలోళ్లు కూడా లేచి కూర్చుంటారు.

ఆ వారమే స్టూడెంట్ యూనియన్ బిల్డింగులో ఎమ్మెస్సే వాళ్ల ఫ్రీ ఇఫ్తార్ అని పోస్టర్ చూసి వెళ్లా. ఖర్జూరం, నీళ్లు, మగ్రిబ్ (పొద్దుగూకాక చేసే) నమాజ్, తర్వాత బిర్యానీ లాంటిదేదో. నమాజులో ఇమామ్ ఫాతిహా (ఖురాన్ మొదటి అధ్యాయం) అవగానే హాలంతా గట్టిగా "ఆమీన్" అనేసరికి ఉలిక్కిపడ్డా, మావైపు మనసులోనే అనుకుంటాం కదా. పక్కనోడు చేతులు ఛాతీ మీద, ఇంకోడు అసలు కట్టుకోనే లేదు. మజ్‌హబ్‌లు, అంటే నమాజు లాంటివి చేసే సంప్రదాయాలు, వేరని అప్పుడు నాకు ఎవరు చెప్పాలి, అందరూ తప్పు చేస్తున్నారనుకున్నా! తినేటప్పుడు ఈజిప్టు అబ్బాయిని, ఇక్కడ పీర్ల పండగ ఎలా చేస్తారని అడిగా, నాకొచ్చిన ఇంగ్లీషులో పీర్లంటే ఏంటో, గుండం తొక్కడమంటే ఏంటో చెప్పా. వాడి మొహం ఇప్పటికీ గుర్తుంది. ఇటు హైదరాబాదీ సీనియర్లు "కహాఁ సే హో మియాఁ" అన్నారు, నా జవాబు విని నవ్వారు, ఒకాయన "ముసల్మానువై ఉండి ఉర్దూ రాదా" అన్నాడు. సరదాకే అన్నాడు. నేను మనసుకి తీసుకున్నా, మళ్లీ వెళ్లలేదు.

తర్వాత పద్దెనిమిది రోజులు ల్యాబులోనే ఒక్కపొద్దు విడిచా. ఒక అరటిపండు, మూడు ఖర్జూరాలు, ఎదురుగా మానిటర్. కాలింగ్ కార్డు గీకి అమ్మకి ఫోన్ చేసి "అందరం కలిసే తింటున్నామమ్మా, ఇక్కడ కూడా గంజి పోస్తారు" అని అబద్ధం చెప్పేవాణ్ణి. డబ్బులు అయిపోతే ఎవడో ఒకడు అప్పిస్తాడు తమ్ముడూ, నేనూ ఇచ్చా, తీసుకున్నా. ఒంటరితనం వస్తే మాత్రం అడగడానికి నోరు రాదు, పైగా అది అలవాటైపోద్ది, అదీ భయం. మీకిప్పుడు దిగకముందే నాలుగు వాట్సాప్ గ్రూపులుంటాయి, అయినా ఆదివారం సాయంత్రం గోడ చూస్తా కూర్చున్నోళ్లని ఎంతమందిని చూశానో.

జుమా, అంటే శుక్రవారం మధ్యాహ్నం నమాజు, మాత్రం మానలేదు, వెనక వరసలో చదివి జారుకునేవాణ్ణి. ఒక శుక్రవారం నైజీరియా కుర్రాడొకడు నేల మీద పరిచిన పెద్ద దుప్పట్లు మడుస్తా, నన్ను చూసి "ఆ కొస పట్టుకో" అన్నాడు. పట్టుకున్నా. ఏ ఊరు, ఏ భాష, ఏమీ అడగలేదు. పై వారం పది నిమిషాలు ముందు రమ్మన్నాడు. రంజాన్ పండగ నాటికి ఆ దుప్పట్ల బీరువా తాళం నా జేబులో ఉంది! తర్వాతి ఏడాది నన్ను ట్రెజరర్ చేశారు, నేనేదో పెద్ద అకౌంటెంట్ననుకొని కాదు, రసీదులు పారేయకుండా దాస్తానని. క్లబ్బుకి యూనివర్సిటీ స్టూడెంట్ ఫీజుల్లోంచి డబ్బులిచ్చేది, ప్రతి సెంటుకీ లెక్క అడిగేవాళ్లు.

ఈ ఎమ్మెస్సే పుట్టిందే మనలా చదువుకోడానికొచ్చిన విదేశీ పిల్లల వల్ల, 1963లో, ఇల్లినాయ్ యూనివర్సిటీ అర్బానా షాంపేన్‌లో. కాబట్టి మనం చుట్టాలింటికి వెళ్లినట్టు మొహమాటపడక్కర్లేదు. తెలుగు రూమ్మేట్లని కూడా వదులుకోకు, చాలామంది ఏదో ఒకవైపే ఉండాలనుకుంటారు. మేం ఒక ఏడు ఫాస్టథాన్ పెట్టాం, అంటే ముస్లింలు కానోళ్లు ఒక్కరోజు ఉపవాసముంటే ఆ పేరున ఆకలితో ఉన్నోళ్లకి విరాళాలు పోగుచేస్తారు. కుక్కర్ గురించి అన్నోడు మొట్టమొదట పేరు రాశాడు, మధ్యాహ్నం మూడింటికి మ్యాగీ తినేశాడు, సాయంత్రం ఇఫ్తార్ లైన్లో మాత్రం అందరికంటే ముందున్నాడు.

ఇప్పుడు మీకు రంజాన్ ఫిబ్రవరిలో పడుతోంది, పొద్దు చిన్నది, అదృష్టవంతులు. 2015, 16లో జూన్‌లో వస్తే పదహారు పదిహేడు గంటలున్నాం. చలికి మాత్రం వుజూ (నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసి తడి కాళ్లతో బయటికి రాకు, రెండు జతల సాక్సు బ్యాగులో పెట్టుకో. బాత్రూముల్లో మగ్గుండదు, ఖాళీ బాటిల్ ఒకటి ఉంచుకో, దీని గురించి ఎవరూ చెప్పరు.

ఇంకోటి, క్లాసులు రిజిస్టర్ చేసుకునేటప్పుడు శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఏమీ పెట్టుకోకు. నేను ఫస్ట్ సెమ్ అల్గారిథమ్స్ సరిగ్గా అప్పుడే పెట్టుకుని ప్రతి వారం సగంలో లేచి పరిగెత్తా. లిస్టు ఇప్పటికే తెరిచుంటారు, ఈ రాత్రే చూసుకో.