మాఘమాసానికి ముడిపెట్టొద్దు పాపా

కడప

చిరంజీవి పాపకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, పాపకు దవడ ఆపరేషన్ చేయిస్తున్నాం, మాఘమాసానికంతా ముఖం సరైపోతుంది కదా, సంబంధాలు చూడొచ్చు కదా" అని అడిగింది. నేను అవుననీ కాదనీ అనలేదు. ముప్పై ఏళ్లు సర్జరీ వార్డులో నర్సుగా చేసినదాన్నే అయినా, మీ అన్నకు ఇదే ఆపరేషన్ జరిగిన రోజు వట్టి అమ్మనైపోయి థియేటర్ బయట కూర్చున్నా. అప్పుడు తెలిసినవీ, వార్డులో చూసినవీ కలిపి నీకు రాస్తున్నా.

ముందు ఆ మాఘమాసం మాట మరిచిపోండి. ఇది పన్ను పీకించుకున్నట్టు ఒక్క పూట పని కాదు. మామూలుగా ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా క్లిప్పులు, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత మళ్లీ ఆరు నెలలో, ఇంకాస్త ఎక్కువో అవే క్లిప్పులు. అవి తీశాక పళ్లు మళ్లీ కదలకుండా పెట్టుకునే రిటైనర్. అన్నీ కలిపి రెండేళ్లనుకో.

ఆ క్లిప్పుల కాలం గురించి నాకెవరూ ముందు చెప్పలేదు. కింది దవడ ముందుకుండే తేడాను కప్పిపుచ్చడానికి నీ పళ్లు ఇన్నేళ్లుగా వాటికవే ఒరిగిపోయి ఉంటాయి. కిందివి లోపలికి, పైవి బయటికి. డాక్టర్ వాటిని ఎముక మీద సరిగ్గా నిలబెడతాడు. దాంతో కింది వరస ఇంకా ముందుకొచ్చినట్టు కనిపిస్తుంది. అంటే ఆపరేషన్‌కు ముందు నీ ముఖం ఇప్పటికన్నా తేడాగా ఉంటుంది. మీ అన్న ఆ ఏడాదంతా పెళ్లిళ్లకు రావడమే మానేశాడు. మీ జేజి అయితే "దుడ్లు పోసి మరీ వంకర చేయించుకున్నారు" అని దెప్పిపొడిచింది. అది వైద్యంలో భాగమేనని తెలియక ఇక్కడే డాక్టర్లను మార్చేసేవాళ్లు ఉంటారు. ఆ నెలల్లోనే పెళ్లిచూపులు పెట్టాలని మీ అమ్మ ఆలోచన.

ఇంకో పొరపాటు మేం చేశాం, నువ్వు చేయొద్దు. మొదట ఒక క్లినిక్‌లో, పేరెందుకులే, ఆపరేషన్ ఎందుకు, రెండు పళ్లు తీసి క్లిప్పులతోనే సర్దేస్తామన్నారు. ఎనిమిది నెలలు తిరిగాం. తర్వాత సర్జన్ చూసి, పళ్లు తప్పు దిక్కుకు జరిగాయి, మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలన్నాడు. తేడా కొంచెమే ఉన్నవాళ్లకు క్లిప్పులతో సర్దడం తప్పేమీ కాదు. కానీ ఆ దారిలో పళ్లు ఒక వైపు జరగాలి, ఆపరేషన్ దారిలో దానికి ఎదురు. అందుకని మొదటి తీగ పడకముందే క్లిప్పులు వేసే ఆర్థోడాంటిస్టూ, ఎముక కోసే మాక్సిల్లోఫేషియల్ సర్జనూ ఇద్దరూ కలిసి నిన్ను చూడాలి. అనంతపురంలో ఎవరికి చూపించుకున్నా, ఒకసారి కడపకు రా. ఇక్కడి ప్రభుత్వ డెంటల్ కాలేజీలో రెండు విభాగాలూ ఉంటాయి, ఇంకో మాట విన్నట్టవుతుంది. నీకు ఇరవై నిండాయి, ఆడపిల్లలకు ఎముక ఎదుగుదల చాలావరకు ఆగిపోయే వయసే, ఎముక ఇంకా పెరిగి తేడా మళ్లీ వస్తుందన్న చింత లేదు. జ్ఞానదంతాలు ఉంటే ఆపరేషన్‌కు ఆరు నెలల ముందే తీయించమంటారేమో అడుగు.

కేసు కాగితం మీద "లీ ఫోర్ట్ 1", "బీఎస్‌ఎస్‌ఓ" అని ఉంటే కంగారుపడకు. మొదటిది పై దవడను అడ్డంగా కోసి జరపడం. లీ ఫోర్ట్ అనే ఫ్రాన్స్ డాక్టర్ దెబ్బ తగిలితే ముఖం ఏ గీతల వెంబడి విరుగుతుందో 1901లో రాసిపెట్టాడు, ఆ గీతకే ఆయన పేరు. రెండోది కింది దవడను రెండు పక్కలా నిలువునా చీల్చి ముందుకో వెనక్కో జరపడం. కోతలు చాలావరకు నోటి లోపలే కాబట్టి ముఖం మీద పెద్దగా మచ్చ పడదు. ఎముకను టైటానియం ప్లేట్లతో, స్క్రూలతో బిగిస్తారు. ఇన్‌ఫెక్షన్ లాంటి ఇబ్బంది రాకపోతే అవి జీవితాంతం అలాగే ఉంటాయి.

ఆపరేషన్ రోజు గురించి నువ్వు భయపడాల్సింది తక్కువ. పూర్తి మత్తు, ముక్కులోంచి గొట్టం, కొన్ని గంటలు. నీకేమీ తెలియదు. కష్టమంతా మూడో రోజు.

వాపు రెండు మూడు రోజులకు బాగా ముదురుతుంది. మీ అన్న కళ్లు సగం మూసుకుపోయాయి, ముక్కు దిబ్బడ, గొంతులో గురగుర, మాట రాదు. నొప్పి అనుకున్నంత లేదన్నాడు, ఊపిరాడనట్టుండే ఆ ఇరుకే భరించలేకపోయాడు. ఆ రాత్రి అద్దం చూసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలక మీద "ఎందుకు చేయించుకున్నానో" అని రాసి నాకు చూపించాడు. ఆ దిగులు చాలామందికి వస్తుంది, వాపుతోపాటే పోతుంది. అందుకే చెబుతున్నా, మొదటి వారం గదిలో అద్దం ఉండనీయొద్దు, చూడవచ్చే చుట్టాలను అసలే రానీయొద్దు. వాపు రెండు మూడు వారాల్లో చాలావరకు దిగుతుంది, అసలు ముఖం తేలడానికి ఆరు నెలలు, ఏడాది పడుతుంది. తలకింద ఎత్తు పెట్టుకుని పడుకో. పై దవడ కూడా కోస్తే డాక్టర్ సరేననేదాకా ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచే తుమ్ము.

ఇక తిండి. మొదట కొన్నాళ్లు తాగేవే, ఆపైన ఆరు వారాల దాకా నమలక్కర్లేని మెత్తనివి. స్ట్రా వాడొద్దంటారు. పెద్ద సిరంజికి చిన్న మెత్తటి గొట్టం తగిలించి బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా పోయాలి. రాగి అంబలిని పల్చని గుడ్డలో రెండుసార్లు వడగట్టేదాన్ని, ఒక్క నలక ఉన్నా గొట్టం మూసుకుపోయేది. పప్పుకట్టులో నెయ్యి, పల్చటి మజ్జిగ, నాటుకోడి పులుసు తేట. కారం వద్దు, కుట్లు మండుతాయి. అయినా నాలుగు కిలోలు తగ్గాడు. తాగిన ప్రతిసారీ ఉప్పునీళ్లతో పుక్కిలించాలి. ఆరు వారాలు దాటాక సంగటి మింగావంటే గెలిచినట్టే, చెనిక్కాయలు మాత్రం డాక్టర్ చెప్పేదాకా ముట్టొద్దు.

అలా పోస్తున్నప్పుడే ఒకరోజు వాడి గడ్డం మీద అంబలి చుక్క జారుతోంది, వాడికి తెలియడం లేదు. నేను తుడిస్తే, ఎందుకు తుడుస్తున్నావన్నట్టు చూశాడు. కింది దవడ ఎముక లోపలే ఒక నరం పోతుంది, పెదవికీ గడ్డానికీ స్పర్శ దానిదే. కోత దాని పక్కనే పడుతుంది. "ఈ మొద్దుబారడం వారంలో పోతుందిలే" అని అక్కడొకరు తేలిగ్గా చెప్పారు. వారం కాదు, ఎనిమిది నెలలు పట్టింది. మొదట చీమలు పాకినట్టు అనిపించింది, అది మంచి గుర్తే. గడ్డం ఎడమపక్క రూపాయి బిళ్లంత మేర ఇప్పటికీ మొద్దుగానే ఉంది. చాలామందికి నెలల్లో వచ్చేస్తుంది, కొందరికి కొంత అలాగే ఉండిపోతుంది. సంతకం పెట్టేముందు సర్జన్‌ను ఈ ఒక్కటీ సూటిగా అడుగు. తేలిగ్గా కొట్టిపారేస్తే ఇంకొకరి దగ్గరికి పో. కంప్యూటర్లో చూపించే బొమ్మ కూడా అంచనాయే, అచ్చం అలాగే వస్తుందని మీ అమ్మకు చెప్పొద్దు.

పై పళ్లనూ కింది పళ్లనూ కలిపి రబ్బరు బ్యాండ్లు గట్టిగా వేస్తే చిన్న కత్తెర దిండు పక్కనే పెట్టుకో, వాంతి వస్తే కత్తిరించాలి. ఎక్కడ కత్తిరించాలో డిశ్చార్జ్ రోజే చూపించమను. ఊపిరాడకపోయినా, రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, పళ్లు ఉన్నట్టుండి వేరేగా కలుస్తున్నట్టు అనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

డబ్బు విషయం. అందం కోసం చేసేదంటే ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వరు. నమలడం, కొరకడం కష్టమవుతోందని డాక్టర్ కాగితం మీద రాయించి, అనుమతి ముందే తీసుకోండి. ప్రభుత్వ పథకంలో వస్తుందా అన్నది ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను నేరుగా అడగండి, ఊళ్లో వాళ్లను కాదు.

నన్నడిగితే చేయించుకోమనే అంటా. చిన్నప్పటి నుంచీ జామకాయను నువ్వు చాకుతో కోసిస్తేనే తింటావు, దోసెను చేత్తో తుంపి దవడ పళ్ల కిందికి తోస్తావు. ముందు పళ్లు ఒకదానికొకటి కలవక పడే పాట్లవి. వాటికోసం రెండేళ్లు ఓర్చుకోవచ్చు. సంబంధం వాళ్లకోసమైతే వద్దు, ఆ మూడో రోజు రాత్రి వాళ్లెవరూ నీ మంచం పక్కన ఉండరు.

తేదీ ఖాయమయ్యాక చెప్పు, అంబలి వడగట్టే గుడ్డ, సిరంజిలు తీసుకుని పది రోజులు వచ్చి ఉంటా. ఈ జాబు మీ అమ్మ చేత కూడా చదివించు. ఫోన్లో నేను చెబితే మధ్యలోనే పెట్టేస్తుంది.

మీ పెద్దమ్మ