‘వెళ్ళి ఉంటాడు’ని స్పానిష్‌లో ఎలా చెప్పాలి?

ప్రశ్న: పాఠంలో ‘ఎల్ త్రెన్ అబ్రా సలీదో’ అని వచ్చింది. ఇది భవిష్యత్తు అని గైడులో ఉంది. కానీ అక్కడ మాట్లాడుకునేది టైము దాటిపోయిన బండి గురించి. మరి భవిష్యత్తు ఎలా అయింది? (పర్లాకిమిడి)

జవాబు: గైడు పక్కన పెట్టి తెలుగులో చెప్పి చూడండి. స్టేషనుకు ఆలస్యంగా వచ్చారు, ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. ‘గుణుపురం బండి వెళ్ళిపోయి ఉంటుంది’ అంటారు. ‘ఉంటుంది’ రూపం చూస్తే భవిష్యత్తే, చెప్పేది మాత్రం జరిగిపోయినదాని మీద ఊహ. స్పానిష్ పద్ధతి అచ్చం ఇదే. మీ వీధిలో వినపడే ఒడియా ‘ఖాఇథిబ’ (తినేసి ఉంటాడు) కూడా ఈ కోవదే. ఇంటి భాషా, వీధి భాషా రెండూ దారి చూపిస్తుంటే ఇంగ్లీషు చుట్టుదారి పట్టకండి.

బండి వెళ్ళడం కళ్ళతో చూస్తే ‘ఆ సలీదో’. చూడకుండా అనుకుంటే ‘అబ్రా సలీదో’. ఇప్పటి సంగతి ఊహించడానికి మామూలు భవిష్యత్తు చాలు: ‘ఎస్తరా ఎన్ కాసా’, ఇంట్లో ఉంటాడు. ‘వెళ్ళి ఉంటాడు’ అయితే ‘అబ్రా ఈదో’.

ప్రశ్న: ‘నువ్వొచ్చేసరికి తినేస్తాను’ అనడానికి ‘క్వాందో యేగరాస్, కొమెరే’ అని రాశాను. రెండు క్రియల కిందా ఎర్ర గీతలే. (బరంపురం)

జవాబు: చిక్కు మన తెలుగులోనే ఉంది. ‘తినేస్తాను’లో ‘ఏస్’ పని ముగిసిందని చెబుతుంది, కాబట్టి మనం ‘తినేసి ఉంటాను’ దాకా వెళ్ళం. ‘కొమెరే’కి ఆ శక్తి లేదు, దానికి ‘తింటాను’ అనే అర్థం. మీ వాక్యం చదివినవాళ్ళు, మీరు కంచం ముందు ఎదురుచూస్తున్నారని అనుకుంటారు.

ఇక ‘వచ్చేసరికి’లో కాలమే లేదు కాబట్టి రెండో తప్పు మనకు కనబడదు. రాబోయేదాని గురించి చెప్పేటప్పుడు ‘క్వాందో’ తర్వాత భవిష్యత్ రూపం రాదు, సబ్జంక్టివ్ (ఇంకా జరగనిదాన్ని చెప్పే క్రియారూపం) రావాలి: ‘యేగరాస్’ కాదు, ‘యేగేస్’. ‘సరికి’ అన్న భావం కోసం ముందు ‘పారా’ చేర్చండి. ‘పారా క్వాందో యేగేస్, యా అబ్రే కొమీదో.’

గడియారంతోనూ ఇదే జాగ్రత్త. ‘ఎనిమిదింటికి’ అంటే సరిగ్గా ఎనిమిదికా, ఎనిమిదిలోపా? తెలుగులో రెండూ అవుతుంది. ‘ఎనిమిదికల్లా’ అని మార్చి చూడండి. అర్థం చెడకపోతే ‘పారా లాస్ ఓచో’, చెడితే ‘ఆ లాస్ ఓచో’.

ప్రశ్న: రూపాలన్నీ బట్టీ పట్టాను. అయినా మార్కులు పోతున్నాయి. (రాయగడ)

జవాబు: అబ్రే (నేను), అబ్రాస్ (నువ్వు), అబ్రా (అతను, ఆమె), అబ్రేమోస్ (మేము), అబ్రేయిస్ (మీరంతా), అబ్రాన్ (వాళ్ళు). వీటన్నిటికీ ముందు పలకని హెచ్ అక్షరం ఉంది. ‘అబ్రేమోస్’ తప్ప మిగతా అయిదింటికీ ‘ఆర్’ అక్షరం తర్వాతి అచ్చు మీద ఏటవాలు గీత పెట్టాలి. గీత ఉన్నచోటే ఊనిక, అంటే అక్కడే నొక్కి పలకాలి. ‘అబ్రా’లో ఊనిక మొదటి అక్షరం మీద పడితే, వినేవాళ్ళకు అది హెచ్ లేని వేరే మాట. దానికి ‘తెరవండి’ అని అర్థం!

తర్వాత వచ్చే మాట చాలామటుకు ‘ఆదో’, ‘ఈదో’లతో ముగుస్తుంది. లొంగనివి విడిగా నేర్చుకోవాలి: ఏచో (చేసి), దీచో (చెప్పి), ఎస్క్రీతో (రాసి), బీస్తో (చూసి), ప్వేస్తో (పెట్టి), బ్వెల్తో (తిరిగొచ్చి), అబ్యెర్తో (తెరిచి), ర్రోతో (విరగ్గొట్టి). తరచుగా వాడేవి ఇవే కాబట్టి మార్కులు ఎక్కువగా ఇక్కడే పోతాయి.

ఈ మాట ఆడా మగా చూడదు. ఆవిడ వచ్చి ఉంటుందన్నా ‘అబ్రా యెగాదో’యే, ‘యెగాదా’ కాదు. ‘అబ్రే’కీ దానికీ మధ్య ఏమీ దూర్చకండి. ‘దాన్ని’ అన్న ‘లో’ కూడా ముందే రావాలి: ‘లో అబ్రే ఎస్క్రీతో’. ‘కాదు’ అనాలంటే దానికీ ముందు: ‘నో లో అబ్రే ఎస్క్రీతో’.