అడగండి, చెప్తా: రెండో భాగం బళ్ళారి నుంచి మొదలుపెట్టండి సార్

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల టీచర్ని. విమానాల చరిత్ర మీద పుస్తకం రాసి మూడేళ్ళ కింద సొంత డబ్బుతో 500 కాపీలు వేసుకుంటే ఇంకా 140 దాకా మంచం కిందే ఉన్నాయి. పైగా అందులో కరాచీ నుంచి మద్రాసు దాకా టపా విమానం జేఆర్‌డీ టాటానే నడిపారని రాసేశా, తప్పని తర్వాత తెలిసింది. ఇప్పుడు రెండో భాగం రాస్తానంటే మంచం కింద ఇంకా చోటుందా అంటోంది మా ఆవిడ. వెయ్యొచ్చంటారా? పాత ఫొటోలు నెట్‌లోవి వాడుకోవచ్చా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వెయ్యండి సార్, కానీ ఆ తప్పు దగ్గరే మొదలుపెట్టండి. 1932 అక్టోబర్ 15న టాటా కరాచీలో బయల్దేరి, అహ్మదాబాద్‌లో ఆగి (అక్కడ పెట్రోలు డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చాయంటే చూడండి) బొంబాయి జుహూలో దిగారు, ఆయన పని అంతటితో అయిపోయింది, అక్కడ్నుంచి టపా మద్రాసుకు తీసుకుపోయింది ఇంకో పైలట్ నెవిల్ విన్సెంట్, ఆయన మధ్యలో ఆగింది ఎక్కడనుకున్నారు, మన బళ్ళారిలో! ఇప్పుడంటే కర్ణాటక గానీ 1953 దాకా బళ్ళారి మద్రాసు రాష్ట్రంలోదే, దత్తమండలాల్లో (నిజాం ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేసిన సీమ జిల్లాల్లో) మనతో కలిసున్న జిల్లానే. మీరు తప్పు రాసిన లైన్లోనే మన సీమ కథ ఉంది, అదే వదిలేసి పోయారు. మీ ఊరి నుంచి బస్సెక్కితే పూటలో పోయి రావచ్చు, పోయి ఆ విమానం ఎక్కడ దిగిందో అక్కడి పెద్దవాళ్ళని అడిగి చూడండి.

తప్పు దిద్దుకోవడం అంటారా, ముందుమాటలో మూడు లైన్లు చాలు, ఫలానా పేజీలో ఇట్లా రాశా, అసలు సంగతి ఇది అని. దాచిపెడితే ఎవరో ఒకరు సభలో లేచి మరీ అడుగుతారు. ఆ 140 కాపీల్లోనూ చిన్న చీటీ అంటించండి, రెండూ కలిపి తక్కువ రేటుకి ఇస్తే మంచం కింద కూడా ఖాళీ అవుతుంది. ఇంకోటి, రెండో భాగం కొనేవాళ్ళలో చాలామంది మొదటిది చూసుండరు, 'ముందే చెప్పినట్టు' అని రాయకండి, విడిగా చదివినా అర్థమయ్యేలా ఉండాలి. ఈసారి 200 మించి వెయ్యకండి, డిజిటల్‌లో తక్కువ కాపీలైనా వేసిస్తారు, కాపీకి రేటు కాస్త ఎక్కువ పడుతుంది అంతే.

ఫొటోల సంగతి జాగ్రత్త. మన చట్టం ప్రకారం ఫొటో అచ్చయిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది, 1932లో పేపర్లో పడిన ఫొటోకి ఎప్పుడో తీరిపోయింది, నిన్నగాక మొన్న ఎవరో తీసి నెట్‌లో పెట్టినదానికి మాత్రం రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోవాల్సిందే. ఇంకో బాధ చెప్తా, నా పుస్తకానికి ఒక ప్రెస్సాయన ఫొటోలన్నీ మామూలు పుస్తకాలకి వాడే మ్యాప్‌లితో కాగితం మీదే కొట్టేశాడు, విమానం రెక్కా మేఘమూ ఒకటే మసి, ఏది ఏదో నాకే తెలీలేదు. ఫొటోల వరకు ఒక్క ఫారం, అంటే 16 పేజీలు, నున్నగా ఉండే ఆర్ట్ పేపర్ మీద వేయించుకోండి, అచ్చుకి ముందు ఒక్క పేజీ అయినా వేసి చూపించమని గట్టిగా అడగండి.

ప్రశ్న: రెండో భాగానికి మొదటి భాగం ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు) నంబరే వేయొచ్చా? ఎవరో డబ్బులు కడితే ఇప్పిస్తామంటున్నారు.
- కడప నుంచి

జవాబు: కుదరదమ్మా, ఏ భాగానికి ఆ భాగానికి వేరే నంబరు. డబ్బు కట్టొద్దు, ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వాళ్ళు ఉచితంగానే ఇస్తారు, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవాలి. అచ్చయ్యాక 30 రోజుల్లో కలకత్తా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ పంపాలి, అది కూడా చట్టమే, చాలామంది మర్చిపోతారు.

ప్రశ్న: మా ఓర్వకల్లు విమానాశ్రయం గురించి రాస్తే చరిత్ర అంటారా, మొన్నటిదే కదా?
- కర్నూలు నుంచి

జవాబు: మొన్నటిది కాబట్టే ఇప్పుడే రాయాలబ్బా. 2021 మార్చి 28న అక్కడ విమానాలు మొదలైనప్పుడు ఎక్కినవాళ్ళు ఇప్పుడైతే మీ వీధిలోనే దొరుకుతారు. ఆ రోజు బోర్డింగ్ పాస్ ఎవరి దగ్గరైనా ఉంటే ముందు జిరాక్స్ తీయించుకోండి, ఆ కాగితం మీద అచ్చు ఏళ్ళు గడిచేకొద్దీ ఎగిరిపోతుంది.