ప్రార్థిస్తున్నా అద్దె బాకీ తీరడం లేదు, దేవుణ్ని ఎలా నమ్మాలి?

సహోదరీ, మూడు నెలలుగా ప్రార్థిస్తున్నా ఇంటి అద్దె బాకీ అలాగే ఉందని, ఇంకా ఎలా నమ్మాలని అడిగారు. నాకు తెలిసిన జవాబు నేను బియ్యం డబ్బా దగ్గర నేర్చుకున్నదే.

మా ఆయన రంగులు వేసే పని చేస్తారు. 2018 వేసవిలో నిచ్చెన మీది నుంచి పడి కాలు విరిగింది. నాలుగు నెలలు కూలి లేదు. నేను జాకెట్లు కుట్టి సంపాదించేది మందులకే చాలేది కాదు. ఆ రోజుల్లో నా ప్రార్థన ఒకటే: "ప్రభువా, ఎవరికీ తెలియకుండా మమ్మల్ని గట్టెక్కించు." ఆదివారం ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని మందిరానికి వెళ్లేదాన్ని. ఎవరు పలకరించినా "దేవుని దయవల్ల బాగున్నాం" అనేదాన్ని.

మా సంఘంలో స్త్రీలకు పిడికెడు బియ్యం అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం, ఆదివారం తెచ్చి అందరం ఒకే బస్తాలో పోస్తాం. నేనూ తొమ్మిదేళ్లు పోశాను. అవి ఎవరింటికి వెళతాయో ఎన్నడూ ఆలోచించలేదు. ఒక ఆదివారం ఖాళీ చేతులతో వెళ్లాను. ఒక పెద్దామె చూశారు, ఏమీ అడగలేదు. సాయంత్రం సంచి పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

వండుతుంటే తెలిసింది. సన్నబియ్యం, రేషన్ బియ్యం, పాతవి, కొత్తవి అన్నీ కలిసి ఉన్నాయి. కొన్ని మెతుకులు చిదిరిపోయాయి, కొన్ని పలుకుగానే ఉండిపోయాయి. ఎన్ని ఇళ్ల పిడికెళ్లో అవి! కంచం ముందు కూర్చుని ఏడ్చాను. యేసు నేర్పిన ప్రార్థనలోని "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న మాట నాకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. అందులో 'నా' అని లేదని, 'మా' అని ఉందని ఆ రాత్రే గమనించాను. 'నేడు' అన్న మాటను కూడా. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం, మన్నా, ఏ రోజుది ఆ రోజే, మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టిందని బైబిల్లో నిర్గమకాండం 16లో చదువుతాం కదా.

మా అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది. ఎంత ప్రార్థించినా మా ఆయన కాలు మునుపటిలా కాలేదు. "మీకు విశ్వాసం చాలలేదు" అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట మీతో ఎవరైనా అంటే దయచేసి మనసులో పెట్టుకోకండి. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులా బాధించేదాన్ని తీసివేయమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరంటారు?

ఇంటి యజమానికి ఎదురుపడకుండా తిరుగుతున్నానని రాశారు. రేపు మీరే ఆయన దగ్గరికి వెళ్లి, ఎంత ఇవ్వగలరో, ఎప్పటికి ఇవ్వగలరో చెప్పండి. సంఘంలో మాట దాచగలరని మీకు నమ్మకమున్న ఒక్కరికైనా సంగతి చెప్పండి. ప్రార్థనలో మొత్తం బాకీని మోయకండి, ఈ వారానికి ఎంత కావాలో ఆ అంకె చెప్పి అడగండి.

మీ పేరు, ఊరు రాయలేదు. ఫరవాలేదు, రాత్రి తొమ్మిదింటికి మేమిద్దరం ప్రార్థనకు కూర్చుంటాం. మీ అద్దె సంగతి కూడా ప్రభువుకు చెబుతాం.