పొలం రాసిచ్చి ఏఐ సీటు కొనాలా?

ప్రశ్న: మాది చోడవరం దగ్గర పల్లె. రెండెకరాల్లో చెరకు వేస్తాం. అబ్బాయి ఇంటర్ పాసయ్యాడు, ఎంసెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. విశాఖలో ఒక ప్రైవేటు కాలేజీ మేనేజ్‌మెంట్ కోటాలో ఏఐ సీటు ఇస్తానంటోంది. తెలిసినాయన ఎకరం తన పేర రిజిస్ట్రేషన్ చేయిస్తే నూటికి రెండు వడ్డీకి ఎనిమిది లక్షలు ఇస్తాడట, అప్పు తీరాక తిరిగి రాసిస్తాడట. వాడేమో లా చదువుతానంటున్నాడు. ఏది మేలు?

జవాబు: అయ్యా, మీ బాధ కోర్సు గురించి కాదు. చెరకు డబ్బు కోసం మీరు పడే ఎదురుచూపులు కొడుక్కి రాకూడదన్నది మీ తాపత్రయం. అది న్యాయమే. కానీ దానికోసం మీరు పెట్టబోయే సంతకం మాత్రం నాకు భయం కలిగిస్తోంది.

తిరిగి రాసిస్తానన్న షరతు ఆ దస్తావేజులోనే ఉంటే తప్ప, ఆస్తి బదలాయింపు చట్టం దాన్ని తనఖాగా చూడదు, అమ్మకంగానే చూస్తుంది. విడి కాగితం మీద రాసుకున్నా తనఖా లెక్కలోకి రాదు. ఇక నోటిమాటంటారా, దాన్ని రుజువు చేయడానికి ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి. ఆయన మంచివాడే కావచ్చు. రేపు ఆయన పిల్లలు ఏమంటారో ఎవరికి తెలుసు? ఖాళీ ప్రో నోటు కూడా ఇవ్వకండి. స్టాంపు మీద మీ సంతకం ఉంటే అందులో అంకె నింపుకునే వీలు చట్టమే ఇస్తోంది.

వడ్డీ లెక్క వేశారా? నెలకు 16,000. నాలుగేళ్లకు 7,68,000. అసలు అసలే ఉంటుంది. రెండెకరాల చెరకు మీద ఇది ఎలా కడదామనుకున్నారు?

ఇంతా చేసి కొంటున్నది బ్రాంచి పేరు. నాకు ఆ పేరు మీదే అనుమానం. ఏఐ అని బోర్డు పెట్టిన చాలా కాలేజీల్లో మొదటి రెండేళ్లూ చెప్పేది మామూలు కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) పాఠాలే. ఆ సబ్జెక్టు చెప్పగల లెక్చరర్లు ఎందరున్నారో మీరు అడిగారా? కంపెనీ వాళ్లు చూసేది కోడింగ్ వచ్చా రాదా అని. లెక్కలంటే ఇష్టం లేని పిల్లాడిని అందులో కూర్చోబెడితే బ్యాక్‌లాగులే మిగులుతాయి. తనకేం కావాలో మీ అబ్బాయి నోరు తెరిచి చెప్పాడు. నా దగ్గరకొచ్చే చాలామంది పిల్లలు ఆ మాట చెప్పలేక ఏడుస్తారు. మీరు విననైనా లేదు.

లాలో మొదటి కొన్నేళ్లు సీనియర్ దగ్గర వచ్చేది తక్కువే, దాచను. కానీ బ్యాంకుల్లో, కంపెనీల్లో లా ఆఫీసర్లు కావాలి, జడ్జి పరీక్షలున్నాయి. జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాస్తే, మీకు దగ్గర్లో సబ్బవరంలోనే దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉంది. రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ సీటు వచ్చి, అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉంటుంది. ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు రాస్తాడు, కొంపేం మునిగిపోదు.

డబ్బు కావాలంటే ముందు బ్యాంకు మెట్లెక్కండి. ఏడున్నర లక్షల వరకు ఆస్తి తనఖా లేకుండా విద్యా రుణం అడగొచ్చు. చదువు అయ్యాక ఏడాది వరకు కిస్తీల టెన్షన్ ఉండదు. కేంద్రం విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి మాత్రం మేనేజ్‌మెంట్ కోటా సీటుకు వర్తించదని గుర్తుంచుకోండి. పంట రుణం మాత్రం ఫీజుకు మళ్లించకండి. గడువులోపు కడితే మూడు లక్షల దాకా 4 శాతానికే పడే అప్పు అది, గడువు దాటితే ఆ రాయితీ పోతుంది.

రిజిస్ట్రేషన్‌కు రోజు అనుకుని ఉంటే ఆపించండి. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కి ఫోన్ చేసి, ఆ కాగితం ముసాయిదా ఒక లాయరుకు చూపించండి. అబ్బాయిని కూడా వెంటబెట్టుకెళ్లండి.