కొండల్లోకి వెళ్లబోయే ముందు

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

బరంపురం నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. గుణుపురం దాటాక సవర గిరిజనులుండే కొండల్లో ఎనిమిది రోజులు జరగబోయే రచనా శిబిరానికి ఎంపికయ్యానని, ఆ నిర్జన ప్రదేశంలో కూర్చుంటే ఏళ్ల తరబడి కుదరని నవల తప్పక మొదలవుతుందని రాశావు. వెళ్లు, సందేహించకు. అయితే నవల మొదలుపెట్టడానికి మాత్రం వెళ్లకమ్మా. ఇంటి దగ్గరే మొదలై, ఎక్కడో దారి తోచక ఆగిపోయిన రచనను వెంట తీసుకువెళ్లు. ఖాళీ కాగితాలతో వెళ్లినవారికి మొదటి మూడు రోజులు కొండలు చూడడంతోనూ, తక్కిన ఐదు రోజులు ఏమీ రాయలేదన్న బెంగతోనూ గడిచిపోతాయి. సగం రాసిన కథకైతే ఏకాంతం నిజంగా ఉపకరిస్తుంది. ఇంట్లో కుక్కరు కూతలకూ వచ్చిపోయే చుట్టాలకూ పది నిమిషాలకొకసారి తెగిపోయే ఆలోచన అక్కడ మూడు గంటలపాటు తెగకుండా సాగుతుంది. నీ పాత్ర తన తల్లితో ఎందుకు అబద్ధమాడిందో అటువంటి మూడో గంటలోనే నీకు తెలిసివస్తుంది.

‘నిర్జనం’ అన్న మాటను నీ ఉత్తరంలో రెండుసార్లు వాడావు. నేనూ వాడినవాడినే కనుక ఒక సంగతి చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట మహేంద్రగిరి దిగువన ఒక బంగళాలో వారం రోజులు ఉండి రాసుకున్నాను. 1501 మీటర్ల ఆ కొండకు శివరాత్రి జాతరకు జనం వెల్లువెత్తుతారు గాని, నేను వెళ్లింది మార్గశిరంలో. రోజూ తెల్లవారగానే ఎదుటి గట్టు మీద లేచే మంచు తెరను వర్ణిస్తూ నాలుగు పుటలు నింపి, సాయంత్రం టీ తెచ్చిన కావలి పెద్దాయనకు చదివి వినిపించాను. ఆయన ఇంట్లో సవర, అధికారులతో ఒడియా, సంతలో తెలుగు మాట్లాడేవాడు. అంతా ఓపికగా విని, “అది మంచు కాదు బాబూ, మా ఊరి పొగ. పొద్దున్నే అంబలి కాస్తాం గదా” అన్నాడు. గట్టు వెనక ముప్పై గడపల ఊరుంది. వారమంతా మనుషుల పొయ్యి పొగను చూస్తూ, మనుషులు లేని చోటు దొరికిందని మురిసిపోయానన్నమాట. ఆ నాలుగు పుటలు ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నాయి.

మా ఊళ్లో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు అవే కొండల వైపు వెళ్లింది ఏకాంతం కోసం కాదు, సవరల మాట వినడానికి. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైను వాడకం వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఆ శ్రమంతా 1931లో సవర భాషా వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా అచ్చయింది. నిన్ను భాషాశాస్త్రం చేయమనడం లేదు. శిబిరంలో వంట చేసేవారి పేర్లు, వారు నీళ్లు తెచ్చుకునే చోటు, జీలుగు చెట్టెక్కి కల్లు దించే వేళ, ఇవి తెలియకుండా ఆ అడవిని కథలోకి తీసుకురావద్దంటున్నాను. వారు చెప్పదలచుకోనిది గుచ్చి గుచ్చి అడగవద్దు కూడా.

సాయంత్రాలు ఒకరి రచన ఒకరు చదివి వినిపించుకుంటారు. అసలు పరీక్ష అప్పుడే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియాగా పెరిగినదానివి కనుక నీ వాక్యం విజయవాడ, హైదరాబాదుల నుంచి వచ్చినవారి చెవికి కొంత వింతగా తగలవచ్చు. ‘బేగి రా’ అని నీ కథలో ముసలమ్మ అంటే, ‘త్వరగా రా’ అని దిద్దమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ముసలమ్మ మాటను ముట్టుకోవద్దు. కానీ కథకురాలిగా నువ్వు చెప్పే భాగంలో వాక్యం తడబడిందంటే, దాన్ని మన సరిహద్దు యాసగా చెప్పుకుని తప్పించుకోకు. ఈ రెండింటికీ తేడా గుర్తించడం నాకు చాలా ఆలస్యంగా అబ్బింది. మొదట్లో మెచ్చుకోలు కోసం అన్నీ దిద్దేసుకున్నాను, తరువాత పౌరుషం కొద్దీ ఏదీ దిద్దుకోలేదు. విమర్శ వింటున్నంతసేపు జవాబు చెప్పకుండా రాసుకుంటూ ఉండు, మరునాడు ఉదయం తీసి చూడు. రాత్రి అన్యాయంగా తోచిన దానిలో సగం తెల్లవారేసరికి న్యాయంగానే కనబడుతుంది.

పుస్తకాలు రెండు చాలు. నిఘంటువుల మూటతో కొండెక్కినవారిని చూశాను, వాటిని తలగడగా వాడుకున్నారు. దోమతెర, దుప్పటి మరచిపోకు. కరెంటును నమ్ముకోకుండా చేతిరాతకు సిద్ధపడి వెళ్లు.

తిరుగు ప్రయాణంలో గుణుపురంలో రైలెక్కితే దారిలో మా ఊరు వస్తుంది. ఒక పూట దిగు. రాసినదాన్ని సాపు చేయకుండా, కొట్టివేతలతో సహా తీసుకురా. వాకిట్లో కుర్చీ వేయిస్తాను, చదివి వినిపిద్దువుగాని.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి